సాక్ష్యం బ్రదర్ చెప్పని వివరాలు

అతని వృత్తి లిఫ్టులు బాగుచేయడం. సంఘంలో మాత్రం అందరూ అతన్ని సాక్ష్యం బ్రదర్ అనేవారు. ఏడాదిన్నరలో అతను వేదికెక్కి తన మార్పు గురించి పంతొమ్మిది సార్లు చెప్పాడు. పంతొమ్మిది సార్లూ చప్పట్లు పడ్డాయి. పంతొమ్మిది సార్లూ అతను అసలేం చేశాడో ఎవరికీ తెలియలేదు.

ఇది పొరపాటున జరిగింది కాదు. ఆ సంఘంలో అదొక పద్ధతి. సాక్ష్యం చెప్పబోయేవాళ్ళని పాస్టరుగారు ముందురోజు తన గదిలో కూర్చోబెట్టుకుని, "వివరాలు వద్దు బ్రదర్. వివరాలు చెబితే జనం పాపం వైపు చూస్తారు, ప్రభువు వైపు చూడరు" అనేవారు. వినడానికి ఎంత బాగుంది! కాబట్టి తాగి ఇల్లు గుల్ల చేసినవాడూ "చీకటిలో ఉన్నాను" అనేవాడు, భార్యను కొట్టినవాడూ "చీకటిలో ఉన్నాను" అనేవాడు. ఆ భార్య రెండో వరుసలో కూర్చుని, పాత దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టుకుని ఆమెన్ అనేది. చీకటి అంటే అందరికీ ఒకే కొలతలో కుట్టిన చొక్కా. దెబ్బలు మాత్రం ఎవరివి వాళ్ళకు వేరువేరుగా తగిలాయి. వాటి సంగతి కార్యక్రమంలో ఉండేది కాదు.

లిఫ్టాయన చీకటి ఏమిటో ఇక్కడ వివరాలతోనే చెప్పాలి.

అతనికప్పుడు నలభై నాలుగేళ్ళు. ఇరవయ్యో ఏట పనిలోకి వచ్చాడు. గోళ్ళ సందుల్లో ఏ సబ్బుకీ లొంగని గ్రీజు, మెట్లెక్కీ ఎక్కీ అరిగిన మోకాళ్ళు, లిఫ్టు మోటారు చప్పుడు విని జబ్బు చెప్పగల చెవి: ఇదీ అతని ఆస్తి. లిఫ్టాయన లిఫ్టెక్కడేమిటని జనం నవ్వేవారు. చెడిపోయినప్పుడే కదా అతన్ని పిలిచేది, ఎక్కేదెలా?

బయటి తలుపు పూర్తిగా మూసుకుంటేనే లిఫ్టు కదలాలి. అందుకు ప్రతి అంతస్తులో తలుపు అంచున ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. లిఫ్టు మొరాయిస్తే, లోపం ఆ స్విచ్చిలో ఉందో ఇంకెక్కడుందో తేల్చుకోవడానికి మెకానిక్కులు పైన మోటారు గదిలో జానెడు వైరు ఒకటి తగిలిస్తారు. తలుపు మూసే ఉందని లిఫ్టుని నమ్మించడమన్నమాట. పరీక్ష కాగానే ఆ వైరు తీసేయాలి. తీయకపోతే తలుపు బార్లా తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. అందుకే పని నేర్పిన పెద్ద మేస్త్రి అతనికొక అలవాటు చేశాడు: చొక్కా జేబులో మూడే వైర్లు పెట్టుకో, మెట్లు దిగేముందు మూడూ తడిమి చూసుకో. ఇరవై నాలుగేళ్ళు తడిమి చూసుకున్నాడు. ఒక సాయంత్రం చూసుకోలేదు. ఆ రోజు కంపెనీ అతని నెత్తిన తొమ్మిది లిఫ్టులు పెట్టింది. ఆ మాట కూడా చెప్పాల్సిందే, కానీ అది సాకు కాదు.

మర్నాడు పొద్దున ఆ భవనం మూడో అంతస్తులో ఒక కోడలు తన అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది. కోడలు ముందు లిఫ్టులోకి వెళ్ళి, వెనక్కి చెయ్యి చాపి, "రండి అత్తయ్యా" అంది. అత్తగారు ఒక కాలు లోపల పెట్టింది. రెండో కాలు గడప మీద ఉంది. ఐదో అంతస్తులో ఎవరో లిఫ్టుని పిలిచారు. అది వెళ్ళింది.

ఫోను రాగానే పది నిమిషాల్లో పరుగెత్తుకొచ్చింది లిఫ్టాయనే. తిన్నగా మోటారు గదికి ఎక్కి, చేత్తో చక్రం తిప్పి, లిఫ్టుని అంగుళం అంగుళం కిందికి దించాడు. కాలు బయటికొచ్చింది. కింద జనం కేకలు, అంబులెన్సు, ఏడుపులు. పైన అతని కళ్ళెదుట, అతను తగిలించిన చోటే, అతని వైరు. దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు. అతను కిందికి దిగేసరికి ఆసుపత్రికి వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు అతని చేతులు పట్టుకుని, సమయానికి దేవుడిలా వచ్చావన్నారు.

తనిఖీ ఆఫీసువాళ్ళు మధ్యాహ్నం వచ్చి చూస్తే స్విచ్చిలన్నీ సవ్యంగా ఉన్నాయి. సవ్యంగా ఉన్న యంత్రం తప్పు చేయదు గనక తప్పు మనిషిదే అయుండాలి. పెద్దావిడ కాలు ఇంకా గడప మీద ఉండగానే మడతల ఇనుప తలుపు లాగి, కంగారులో ఏదో బటన్ నొక్కారని రాశారు. కారణం అన్న గడిలో "వాడినవారి అజాగ్రత్త" అని రెండు మాటలు నింపారు. అత్తగారికి మోకాలి కింద కాలు తీసేశారు. ఫైలు మూసేశారు.

ఆరు నెలల తర్వాత లిఫ్టాయన సంఘంలో మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన లేదు. దేవుడు అతన్ని కనికరించాడన్న మాటనూ శంకించనక్కర్లేదు. కనికరించడం ఆయన పని, ఆయన చేసుకుంటాడు. ఒళ్ళు మండేది ఎక్కడంటే, మిగతావాళ్ళు ఆ కనికరాన్ని చేతులు తుడుచుకునే గుడ్డగా వాడుకోవడం దగ్గర. "పనిలో ఒక పొరపాటు, ఒకరికి గాయం" అన్నాడతను. పాస్టరుగారు చాలు చాలన్నారు. ఎవరికి గాయం, ఇప్పుడెలా ఉన్నారు, ఎవరి మీద నింద పడింది? నాలుగొందల మంది ఉన్న సంఘంలో ఒక్క నోరు అడగలేదు. వారం తిరగ్గానే అతను సాక్ష్యం బ్రదర్ అయిపోయాడు.

ఆ సంఘంలో ఇంకో పద్ధతి ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు రాత్రి భోజనానికి ముందు విశ్వాసులు తమ పాపాలు చీటీల మీద రాసి, మడిచి, రేకు డబ్బాలో వేస్తారు. ఆరాధన అయ్యాక ఎవరూ చదవకుండా వాటిని వెనక పెరట్లో కాలుస్తారు. నమ్మకస్తుడని ఆ పని లిఫ్టాయనకు ఇచ్చారు. ఒక ఆదివారం డబ్బా బోర్లిస్తుంటే ఒక చీటీ మడత విప్పుకుని అతని చెప్పు మీద పడింది. అక్షరాలు గుండ్రంగా, శ్రద్ధగా ఉన్నాయి.

"ఆ రోజు తొందరపడి లిఫ్టు బటన్ నొక్కాను. అత్తయ్యగారి కాలు నావల్లే పోయింది. ఇరవై మూడోసారి అడుగుతున్నాను ప్రభువా. క్షమించావని నాకెందుకు అనిపించదు?"

రెండేళ్ళుగా అతని కళ్ళకు ఆ రిపోర్టులో 'వాడినవారు' అంటే మొహం లేని ఎవరో. ఆ ఎవరో ప్రతి ఆదివారం ఆడవాళ్ళ వైపు కూర్చుని, అతను చేసిన తప్పుకు ప్రతి నెలా తను క్షమాపణ రాసి ఇస్తోంది. దాన్ని ప్రతి నెలా అతనే కాలుస్తున్నాడు.

చీటీ పట్టుకుని పాస్టరుగారి గదికి వెళ్ళాడు.

"చీటీ చదివావా బ్రదర్?" అన్నారు పాస్టరుగారు. ఆయనకు మొదట తోచింది అదే.

"చదివానండి."

"చదవకూడదని తెలుసుగా?"

"తెలుసండి. వైరు తీయాలని కూడా తెలుసు."

అప్పుడు మొత్తం చెప్పాడు, మొదటిసారి, వివరాలతో. పాస్టరుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆయనకు ఆ కుటుంబం తెలుసు. నెలనెలా వాళ్ళింటికి వెళ్ళి పెద్దావిడకు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చి వస్తారు. తీరని నష్టం చేసిన కోడల్ని క్షమించిన ఒక అత్తగారి గురించి పేర్లు లేకుండా ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. రెండు కథలూ ఆయన దగ్గరే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడలేదు, వివరాలు వద్దు కదా.

"ఇప్పుడు నువ్వెళ్ళి చెబితే సమాధానంగా, శాంతిగా ఉన్న ఇల్లు మళ్ళీ రేగుతుంది. ఆ తల్లి క్షమించింది. ఈ అమ్మాయి తనను తాను తగ్గించుకుంది," అన్నారు నెమ్మదిగా.

"ఏ తప్పుకి తగ్గించుకుందండీ?"

"వచ్చే వారం సభలు బ్రదర్. పోస్టర్ల మీద నీ ఫోటో వేశాం. ఆ మూడు రోజులూ కానివ్వు, తర్వాత ఇద్దరం ప్రార్థన చేసి..."

"ఇరవై నాలుగో చీటీ రాయించాలా అండీ ఆవిడ చేత?"

పాస్టరుగారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత కోపం రాదు. జ్వరమొచ్చినవాళ్ళింటికి వర్షంలో నడిచి వెళ్ళే మనిషి. కానీ ఎదుటి మనిషి గాయం కంటే తన ప్రసంగంలోని ఉదాహరణ ఎక్కువైపోయిన రోజు ఒకటి ఆయనకు వచ్చింది, ఆయన గుర్తుపట్టలేదు. మారుమనస్సు అంటే కళ్ళు తుడుచుకోవడం అని అంతమందికి నేర్పినాయనకు, మారుమనస్సు అంటే మెట్లెక్కి వెళ్ళి తలుపు తట్టడం అని ఒక మెకానిక్కు చెప్పాల్సి వచ్చింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం అతను మూడో అంతస్తు తలుపు తట్టాడు. కోడలే తీసింది. చొక్కాల కార్ఖానాలో కాలర్లు కుడుతుంది, సగం రోజు ఇంటి దగ్గరే మిషను పెట్టుకుంటుంది. భుజం మీద తెల్లదారం పోగులు.

"లిఫ్టు బాగానే ఉందే, ఎవరు పిలిచారు మిమ్మల్ని?" అంది.

"ఎవరే?" అని లోపల్నించి అత్తగారి గొంతు.

"లిఫ్టాయన అత్తయ్యా."

"నాకు దాంతో పనిలేదని చెప్పు."

అతను లోపలికి వచ్చాడు. కిటికీ పక్క మంచం మీద పెద్దావిడ. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు వార్డు నర్సు. కుర్చీలో ఆవిడ కొడుకు, బస్సు డిపోలో టైమ్‌కీపరు, అప్పుడే డ్యూటీ దిగి అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. లిఫ్టాయన నిలబడి, పంతొమ్మిది సార్లు చెప్పిన అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను చీకటిలో..."

"కరెంటు పోయిందా?" అంది పెద్దావిడ.

"కాదమ్మా."

"మరి సూటిగా చెప్పు నాయనా. ఎక్కడ నొప్పో చెప్పకుండా మూలిగేవాళ్ళంటే నాకు ముప్ఫై ఏళ్ళుగా ఒళ్ళుమంట."

అతను జేబులోంచి వైరు తీసి బల్ల మీద పెట్టాడు. అది ఎక్కడ తగిలించాడో, ఎందుకు తీయలేదో, ఎప్పుడు పీకేశాడో చెప్పాడు. చెప్పడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. టైమ్‌కీపరు లేచి అతని కాలరు పట్టుకున్నాడు. అతను కదల్లేదు.

"వదలరా," అంది తల్లి. "ముందు నాకు చెప్పనీ. తలుపు తెరిచే ఉందా?"

"తెరిచే ఉందమ్మా."

"నేను చెప్పలేదూ! ఆసుపత్రిలో ఆ రోజే చెప్పాను, తలుపు మూయలేదురా అని. నొప్పిలో ఏదో మాట్లాడుతోంది అన్నారు. నేనూ అంతే రాసేదాన్ని కేసుషీట్ల మీద. ఆ చదువే కదా, నా మాట నేనే నమ్మలేదు." ఆగి, అతన్ని పైనుంచి కిందికి చూసింది. "దేవుడు నిన్ను క్షమించాడని నీకెప్పుడు తెలిసింది?"

"ఏడాదిన్నర అయిందమ్మా."

"ఆ కబురు నాకు పంపడం మరిచిపోయాడా ఆయన? కాలు నాది కదా?"



కోడలు అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడే ఉంది. "నేను నొక్కలేదా?" అంది, చాలా మెల్లగా.

"లేదమ్మా. మీరు కిందికి వెళ్ళాలని ఎక్కారు. లిఫ్టు పైకి వెళ్ళింది. పై అంతస్తువాళ్ళు పిలిస్తే వెళ్ళింది."

లిఫ్టు పైకి వెళ్ళింది. ఇది అందరికీ తెలుసు. చూసినవాళ్ళంతా చూశారు, రిపోర్టులో కూడా ఉంది. కిందికి పోవాల్సిన మనిషి పై బటన్ ఎందుకు నొక్కుతుందని రెండేళ్ళలో మొగుడికి తట్టలేదు, అత్తకి తట్టలేదు, ఇరుగుపొరుగుకి తట్టలేదు. ఆ కోడలికే తట్టలేదు. తప్పు నీదేనని ఇంతమంది ఇంత ప్రేమగా చెబుతుంటే ఎవరికి మాత్రం తడుతుంది?

"అందరూ నన్ను క్షమించారు," అంది కోడలు. ఇప్పుడు గొంతు మెల్లగా లేదు. "మీరు క్షమించారు అత్తయ్యా, నలుగురిలో చెప్పుకున్నారు. ఈయన క్షమించారు, క్షమించి నాతో మాట్లాడడం మానేశారు. పాస్టరుగారు క్షమించారు. ఎదురింటావిడ కూడా క్షమించింది, ఆవిడకేం సంబంధమో! ఏం జరిగింది అని మాత్రం ఒక్కరు అడగలేదు."

"అది కాదే..." అన్నాడు మొగుడు.

"ఏది కాదు?" అందామె.

లిఫ్టాయన వైపు తిరిగింది. "నన్ను క్షమించమని మాత్రం అడక్కండి. ఆ మాట ఈ ఇంట్లో అందరూ వాడేశారు."

"అడగనమ్మా."

"మరెందుకొచ్చారు?"

"తప్పు మీది కాదని చెప్పడానికి."

"నాకు చెబితే ఏం లాభం? ఎక్కడ రాశారో అక్కడ కొట్టేయించండి."

"చేస్తానమ్మా," అని అతను తలుపు దాకా వెళ్ళాడు. పెద్దావిడ పిలిచింది.

"ఇదిగో, నేను లిఫ్టెక్కను. చచ్చినా ఎక్కను. రెండేళ్ళయింది నేల మీద ఎండ చూసి. మా వాడొక్కడూ మొయ్యలేడు. రేపట్నించి పొద్దున్నే వచ్చి ఒక పక్క కుర్చీ పట్టు. ప్రాయశ్చిత్తం, సేవ అని దీనికి పేర్లు పెట్టావంటే ఊరుకోను. నాకు ఎండ కావాలి, అంతే."

తనిఖీ ఆఫీసులో గుమాస్తా అతని కాగితం రెండుసార్లు చదివాడు.

"మూసిన ఫైలు తెరవాలంటే కొత్త ఫిర్యాదు ఉండాలండీ. ఎవరి మీద?"

"నా మీద."

"మీ మీద మీరే ఇచ్చుకుంటారా? దానికి ఫారం లేదండీ."

"ఏ ఫారం ఉంది?"

"ఇతరుల మీద ఇచ్చేది ఉంది."

"అదే ఇవ్వండి. ఇతరులు అన్న చోట నా పేరు రాస్తాను."

ఆ ఫారం కదలడానికి మూడు నెలలు పట్టింది. అతని లైసెన్సు వెళ్ళడానికి మూడు రోజులు చాలాయి. తొమ్మిది లిఫ్టుల లెక్క కూడా అతను కాగితంలో రాశాడు. కంపెనీ దాని గురించి ఈరోజుకీ మాట్లాడలేదు. ఇప్పుడతను ఒక షెడ్డులో పాత పుల్లీలు విప్పి తుడుస్తాడు. సభలకు వెళ్ళలేదు. బ్రదర్‌కు ఒంట్లో బాగోలేదని వేదిక మీద చెప్పారు. ఏడాదిన్నరలో అతని ఒళ్ళు అంత బాగున్న వారం ఇంకొకటి లేదు, పొద్దున్నే మూడు అంతస్తులు మనిషిని మోస్తున్నాడు.

మొదటి వారం కోడలు అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. మెట్ల మీద ముందు నడుస్తూ, మలుపులో ఆగి, "కుడివైపు ఎత్తండి, జారుతున్నారు" అనేది గోడతో చెప్పినట్టు. అతను ఎత్తేవాడు. జాలిపడి ఎవరూ అతన్ని కూర్చోమనలేదు, అతను కూర్చోనూ లేదు. సంఘం పంతొమ్మిది చప్పట్లతో చేయలేని పని ఆ మెట్లు చేశాయి. తను నష్టపరిచిన శరీరం బరువెంతో అతని భుజానికి రోజూ తెలిసింది.

పెద్దావిడకూ తప్పించుకునే వీలు దొరకలేదు. ఒకరోజు ఎండలో కూర్చుని కోడలితో అంది: "నిన్ను క్షమించడం నాకెంత హాయిగా ఉండేదో తెలుసా? మంచం మీంచి లేవలేనిదాన్ని, అయినా నీకంటే ఎత్తులో ఉన్నట్టుండేది. ఆ హాయి వదులుకోవడానికే ఇన్నాళ్ళు నిజం వెతకలేదేమో." అత్తగారు ఆమె భుజం మీది దారం పోగు తీసి కింద పడేసింది. ఆ నెల పాస్టరుగారు రొట్టె తీసుకుని వస్తే, "ముందు వంటింట్లోకి వెళ్ళి దానితో మాట్లాడి రండి. నా ఆకలి ఆగుతుంది," అంది. ఆయన వెళ్ళారు. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ఆయన చాలాసేపటికి వచ్చారు, ఆ నెల చీటీల డబ్బా బయట పెట్టలేదు.

సవరించిన రిపోర్టు ఒక శనివారం వచ్చింది. కోడలు దాన్ని ఇంట్లో ఎవరి చేతికీ ఇవ్వలేదు. అందరితో పాటు కిందికి దిగి, భవనం నోటీసు బోర్డు అద్దం తెరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది. నీళ్ళ మోటారు గురించిన కాగితం అడ్డమొస్తే తీసి పక్కన పెట్టింది. కుర్చీ బోర్డు ముందు దించారు. పనులకు వెళ్ళేవాళ్ళు ఆగారు. ఎదురింటావిడ కూరల సంచితో ఆగింది.

"చదవండి," అంది మొగుడితో.

"అందరూ చదువుకుంటారుగా..."

"మీరు చదవండి."

టైమ్‌కీపరు డిపోలో బస్సుల వేళలు మైకులో చదివే మనిషి. గొంతు సవరించుకుని తేదీ చదివాడు, భవనం నంబరు చదివాడు, వైరు సంగతి చదివాడు. లిఫ్టాయన కుర్చీ వెనక చేతులు కట్టుకోకుండా నిలబడి విన్నాడు. కొందరు తిరిగి అతని వైపు చూశారు. అతను తల దించలేదు, దించితే అదో వేషమవుతుంది. చివరి వాక్యం టైమ్‌కీపరు గొంతు తగ్గించి చదివాడు: "లిఫ్టులో ఉన్న మహిళ వైపు నుంచి ఏ అజాగ్రత్తా లేదు."

పెద్దావిడ చెయ్యి చాపింది, కోడలు పట్టుకుంది.

"వినపడలేదు," అంది కోడలు. "ఆ చివరిది మళ్ళీ చదవండి. గట్టిగా."

అతను మళ్ళీ చదివాడు. పై అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది.